చిన్నకారు టైర్ల మార్పిడి: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

కారుతో పాటు కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి, బయట దొరికే మెరుగైన టైర్లు వేయించుకోవడం చిన్నకార్ల యజమానులు తరచుగా చేయించే మార్పు. అరిగిపోయిన టైరును ఎవరైనా మార్చక తప్పదు. అయితే పట్టు చాలడం లేదనో, మోత ఎక్కువగా ఉందనో, కారు సన్నకాళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తోందనో అరగకముందే మార్చేవారూ ఉన్నారు. పాత కొలతకే మంచి రకం వేయించడం ఒక పద్ధతి. వెడల్పో, రిమ్ము వ్యాసమో పెంచడం ఇంకో పద్ధతి. రెండోదాన్ని అంగళ్లలో ‘అప్‌సైజింగ్’ అంటారు.

దక్షిణ రాయలసీమలో ఈ ఎంపిక మీద నేల ప్రభావం ఎక్కువ. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున, పలమనేరు, మదనపల్లె పీఠభూమి 700 మీటర్ల దరిదాపున ఉన్నాయి. ఒకే చిన్నకారు ఒకే వారంలో ఈ మూడు మట్టాల మీదా తిరగవచ్చు. వేసవిలో కాలే తారు, ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా తడిసిన ఘాట్లు, ఏడాది పొడవునా బెంగళూరు, చెన్నై దారుల్లో ఆగని వేగం కలిసిన చోట టైరు వెడల్పుకు దక్కేది చివరి స్థానమే. తడిలో పట్టు, మోయగల బరువు, తయారైన తేదీ, లోపలి గాలి దానికన్నా ముందు చూడవలసినవి.

చరిత్ర

గాలి నింపిన టైరును జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో వాడుకలోకి తెచ్చాడు. అదే పేరు గల కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దేశంలో తిరిగిన అంబాసిడర్‌కు 5.90-15, ప్రీమియర్ పద్మినికి 5.20-14 కొలతల టైర్లు ఉండేవి. నైలాన్ పొరలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి అల్లుకున్న టైర్లవి. లోపల ట్యూబు ఉండేది. అప్పట్లో యజమానికి ఎంపిక అంటే కంపెనీ పేరే తప్ప రకం కాదు.

పొరలను అడ్డంగా పరిచి, పైన ఉక్కు తీగల పట్టీ చుట్టే రేడియల్ నిర్మాణానికి ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకుంది. భారతదేశంలో రేడియల్ టైర్లను 1977లో జేకే టైర్ ప్రవేశపెట్టింది. 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో 12 అంగుళాల చక్రం మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చింది. తర్వాతి ఆల్టో 145/80 ఆర్12 కొలతతో అదే దారి పట్టింది. 2009లో వచ్చిన టాటా నానో ముందు చక్రాలకు 135/70 ఆర్12, వెనక చక్రాలకు 155/65 ఆర్12 వేసింది. ఇంజను వెనక ఉన్న కారు కాబట్టి బరువు వెనకే పడుతుంది. అందుకే ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకునే వీలు ఆ కారుకు లేకపోయింది.

తర్వాత ట్యూబ్‌లెస్ టైర్లు చిన్నకార్లలో మామూలయ్యాయి. 13, 14 అంగుళాల రిమ్ములు పెరిగాయి. రెనో క్విడ్ 155/80 ఆర్13తో మొదలై 2019లో 165/70 ఆర్14కు మారింది. యజమానులు బయట చేయించుకుంటున్న మార్పును కంపెనీయే చేసి ఇవ్వడానికి ఇదొక ఉదాహరణ.

కంపెనీ టైరు స్వభావం

కారుతో వచ్చే టైరు నాసిరకం అన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. ఆ టైరు కారు కంపెనీ అవసరాలకు తగ్గట్టు తయారైంది. చిన్నకారు అమ్మకంలో మైలేజీ అంకె కీలకం కాబట్టి, తక్కువ ప్రతిఘటనతో దొర్లే తేలికైన టైరును కంపెనీ కోరుకుంటుంది. లక్షల్లో కొనేటప్పుడు ఒక్కో టైరు మీద మిగిలే కొద్ది రూపాయలూ లెక్కలోకి వస్తాయి. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు కూడా ఆ టైరుతోనే పరీక్షించి సరిచేస్తారు.

బయటి అంగట్లో అమ్మే టైరుకు కొనేవాడు కారు యజమానే. అతడు అడిగేది వేరు. కొందరు ఎక్కువ కిలోమీటర్లు రావాలంటారు, కొందరు పట్టు కావాలంటారు, కొందరు మోత ఉండకూడదంటారు. అందుకే ఒకే పేరుతో కారు కంపెనీకి వెళ్లే టైరూ, బయట అమ్మే టైరూ రబ్బరు మిశ్రమంలో తేడాగా ఉండవచ్చు. పాత టైరు మీద కనిపించిన పేరే కొత్తగా కొన్నా నడక అచ్చం అలాగే ఉండాలని లేదు.

రబ్బరు మిశ్రమంలో మూడు గుణాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి: తడిలో పట్టు, తేలిగ్గా దొర్లడం, ఎక్కువ కాలం మన్నడం. మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది కానీ తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు మన్నుతుంది కానీ తడిలో జారుతుంది. కర్బన నుసి స్థానంలో కొంత సిలికా కలిపితే తడి పట్టు తగ్గకుండానే దొర్లుడు తేలికవుతుంది. ఖరీదైన టైర్ల ధరలో కొంత భాగం ఈ మిశ్రమానిదే.

ప్రాంతపు రోడ్లు, వాతావరణం

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు కొండ ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది వాడుతున్నారు. దిగే దారిలో మలుపులు దగ్గర దగ్గరగా, బిగుతుగా ఉంటాయి. వేగాన్ని అదుపు చేయడానికి ఎక్కేటప్పుడు కనీసం 28 నిమిషాలు, దిగేటప్పుడు కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధనను తిరుమల తిరుపతి దేవస్థానం చాలాకాలంగా అమలు చేస్తోంది. టైరు దృష్టితో చూసినా దిగుడే కష్టం. చిన్నకార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. స్టీరింగ్, లాగుడు, బ్రేకులో పెద్ద వాటా ముందు టైర్ల మీదే పడతాయి. దిగేటప్పుడు కారు బరువు కూడా ముందుకే వాలుతుంది. ప్రతి మలుపులోనూ ముందు టైరు బయటి భుజం రాపిడి తింటుంది. ఆగకుండా బ్రేకు తొక్కితే ఆ వేడి డిస్కు ద్వారా రిమ్ముకు, రిమ్ము నుంచి టైరు అంచుకు పాకుతుంది. రెండో గేరులో ఇంజను పట్టుతో దిగితే బ్రేకులకు, టైర్లకు కూడా ఆ బాధ తప్పుతుంది.

ఘాట్ అంటే తిరుమలే కాదు. చంద్రగిరి నుంచి పీలేరు వైపు వెళ్లే దారిలో భాకరాపేట ఘాట్, చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే 69వ నంబరు జాతీయ రహదారిపై మొగిలి ఘాట్, 1,200 మీటర్లు దాటిన హార్స్‌లీ హిల్స్‌కు ఎక్కే రోడ్డు కూడా ఇలాంటివే. మొగిలి ఘాట్‌లో వేగంగా దిగే లారీల మధ్య చిన్నకారు హఠాత్తుగా బ్రేకు వేయవలసి వస్తుంది. అక్కడ టైరు పట్టు మీద పడే భారం తిరుమల ఘాట్‌లో పడేదానికన్నా ఎక్కువగా ఉండవచ్చు.

తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు మూడో వారంలో కురిసిన కుండపోతకు తిరుపతి వీధులు మునిగాయి, తిరుమల దారుల్లో కొండచరియలు విరిగిపడ్డాయి. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతింది. అంతటి విపత్తు లేని ఏడాది కూడా మొదటి వాన ప్రమాదకరమే. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, డీజిలు జిడ్డు నీళ్లతో కలిసి రోడ్డును నునుపు చేస్తాయి.

వేసవిది వేరే సమస్య. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మైదానంలో ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా 42 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు కొత్త కాదు. అలాంటి మధ్యాహ్నం తారు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. టైరులో వేడి పుట్టేది ప్రధానంగా రోడ్డు నుంచి కాదు. ప్రతి చుట్టులోనూ టైరు రోడ్డును తాకిన చోట నలిగి మళ్లీ సాగుతుంది. గాలి తక్కువైతే ఆ నలుగుడు పెరిగి, రబ్బరు లోపల్నుంచే కాగుతుంది. గాలి తగ్గిన టైరుతో, నిండా మనుషులతో, నాయుడుపేట దారిలోనో చెన్నై దారిలోనో గంటసేపు వేగంగా పోవడమే టైరు పేలడానికి అసలైన పరిస్థితి.

చిత్తూరు, కుప్పం వైపు గ్రానైటు లారీల నుంచి రాలే రాళ్ల ముక్కలు పక్కగోడను కోస్తాయి. ట్రాక్టర్లు పొలాల నుంచి మోసుకొచ్చే మట్టి వాన పడగానే తారు మీద బురదవుతుంది. పల్లెదారుల్లో గుంత అంచు తగిలితే రిమ్ము వంగుతుంది, పక్కగోడలో దారాలు తెగి ఉబ్బు లేస్తుంది. ఉబ్బు లేచిన టైరును అతికించడం కుదరదు, మార్చవలసిందే.

పక్కగోడ మీది గుర్తులు

‘155/80 ఆర్13 79టి’ అని ఉంటే 155 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 80 శాతం. ‘ఆర్’ రేడియల్‌ను, 13 రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో సూచిస్తాయి. 79 భార సూచిక, ఒక్కో టైరు 437 కిలోలు మోయగలదని అర్థం. టి అక్షరం గంటకు 190 కిలోమీటర్ల వేగ పరిమితిని చెబుతుంది. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210.

తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 3524 అంటే 2024లో 35వ వారం. కొనేవారు తప్పక చూడవలసిన గుర్తు ఇదే. రబ్బరు వాడకపోయినా గాలికి, ఎండకు, వేడికి గట్టిపడుతుంది. వారానికొకసారి గుడికో పెళ్లికో తీసే కారులో టైరు అరగకముందే ముసలిదవుతుంది. గాళ్లు లోతుగానే ఉన్నా పక్కగోడలో సన్నని బీటలు కనిపిస్తాయి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, ఎలా ఉన్నా పదేళ్లకు మించి వాడవద్దనీ మిషెలిన్ సూచిస్తుంది.

గాళ్ల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. టైరు పైభాగం అరిగి ఆ గట్లకు సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. అయితే తడి రోడ్డు మీద ఆగే దూరం 3 మిల్లీమీటర్ల లోతు దగ్గరి నుంచే చెప్పుకోదగినంత పెరుగుతుంది. అందువల్ల ఘాట్లలో తిరిగే కారుకు ఈశాన్య వానలు మొదలయ్యేలోపే టైర్లు మార్చడం మంచిది.

కొలత మార్పు

కొత్త టైరు మొత్తం వ్యాసం పాతదానికి దగ్గరగా ఉండాలన్నది మొదటి నియమం. వ్యాసం పెరిగితే చక్రం ఒక చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది. మలుపులో టైరు లోపలి మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న ఇంజను మరింత బరువుగా లాగుతుంది. కొన్ని చిన్నకార్ల కొలతలకు అంగళ్లలో సూచించే మార్పులను లెక్క వేస్తే ఇలా వస్తుంది.

| అసలు కొలత (వ్యాసం, మి.మీ.) | మార్పు కొలత (వ్యాసం, మి.మీ.) | తేడా |
|---|---|---|
| 145/80 ఆర్12 (537) | 155/80 ఆర్12 (553) | +3.0 శాతం |
| 145/80 ఆర్12 (537) | 155/65 ఆర్13 (532) | −1.0 శాతం |
| 155/80 ఆర్13 (578) | 175/70 ఆర్13 (575) | −0.5 శాతం |
| 155/80 ఆర్13 (578) | 165/70 ఆర్14 (587) | +1.5 శాతం |
| 165/80 ఆర్14 (620) | 185/70 ఆర్14 (615) | −0.8 శాతం |
| 165/80 ఆర్14 (620) | 185/65 ఆర్15 (622) | +0.3 శాతం |

మొదటి వరుసలోని మార్పుతో కారు ఎనిమిది మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 103 దాకా ఉంటుంది. వాడుకలో మూడు శాతాన్ని మీరకూడని హద్దుగా చెబుతారు. ఆల్టో లాంటి తక్కువ శక్తి గల కారుతో తరచూ కొండ ఎక్కేవారికి ఆ హద్దు కూడా ఎక్కువే.

రెండో నియమం భార సూచిక తగ్గకూడదన్నది. ఆల్టో 145/80 ఆర్12 టైరుకు మామూలుగా ఉండే సూచిక 74, అంటే 375 కిలోలు. 155/65 ఆర్13 వెడల్పులో పెద్దదే, చూపుకు బలంగానూ ఉంటుంది. కానీ దాని సూచిక 73, అంటే 365 కిలోలే. వెడల్పు పెరిగినా మోసే శక్తి తగ్గడానికి కారణం పక్కగోడ పొట్టిదై లోపల గాలి పరిమాణం తగ్గడమే. పక్కగోడ పొట్టిదైన కొద్దీ గుంతల దెబ్బ కూడా నేరుగా రిమ్ముకే తగులుతుంది. స్విఫ్ట్‌లో 165/80 ఆర్14 నుంచి 185/70 ఆర్14కు మారితే మాత్రం సూచిక 85 నుంచి 88కి, అంటే 515 నుంచి 560 కిలోలకు పెరుగుతుంది.

మూడోది రిమ్ము వెడల్పు. ప్రతి టైరుకూ పట్టే రిమ్ము వెడల్పుకు ఒక పరిధి ఉంది. 185/70 ఆర్14కు అది 4.5 నుంచి 6 అంగుళాలు. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు బిగిస్తే అంచులు లోపలికి లాగి, నడుమ ఉబ్బి, మధ్యభాగమే ముందు అరుగుతుంది. రిమ్ము కూడా మార్చేటప్పుడు బోల్టుల మధ్య దూరం, నడిమి రంధ్రం, రిమ్ము ఎంత బయటికి వస్తుందన్నది సరిపోవాలి. నాలుగు బోల్టుల చిన్నకార్లలో బోల్టుల వలయం కొన్నిటికి 100, కొన్నిటికి 114.3 మిల్లీమీటర్లు ఉంటుంది.

అదే కారులో ఖరీదైన రకానికి కంపెనీ ఇచ్చిన కొలతకు మారడం అన్నిటికన్నా నిరపాయం. స్విఫ్ట్ కింది రకాల్లో 165/80 ఆర్14, పై రకాల్లో 185/65 ఆర్15 వచ్చాయి. ఆ రెండో కొలతను కంపెనీయే ఆ కారు మీద పరీక్షించింది కాబట్టి స్టీరింగ్, సస్పెన్షన్ల గురించి కొత్తగా ఆలోచించే పని ఉండదు.

వెడల్పు టైరు అన్నిచోట్లా మేలన్న నమ్మకం కూడా సరైనది కాదు. పొడి రోడ్డు మీద, మలుపుల్లో కారు నిలకడ మెరుగుపడుతుంది. నిలిచిన నీళ్లలో మాత్రం సన్నటి టైరు నీటిని చీల్చుకుని పోతుంది, వెడల్పు టైరు తక్కువ వేగానికే నీటి మీద తేలిపోతుంది. పవర్ స్టీరింగ్ లేని పాత చిన్నకారులో వెడల్పు టైరు స్టీరింగ్‌ను బరువు చేస్తుంది. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

రకాల ఎంపిక

చిన్నకార్ల టైర్లలో ఎక్కువ కాలం మన్నే రకాలకు అపోలో అమేజర్ 4జీ లైఫ్, సియట్ మైలేజ్, గుడ్‌ఇయర్ అస్యూరెన్స్ డ్యూరాప్లస్, జేకే టైర్ టాక్సీమ్యాక్స్ ఉదాహరణలు. తిరుపతి నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గరి శ్రీపురం తిప్పే టాక్సీలకు కిలోమీటరుకు పడే ఖర్చే ప్రధానం కాబట్టి ఈ తరగతి వారికి సరిపోతుంది. తడి పట్టుకూ నిశ్శబ్దానికీ పేరున్న తరగతిలో మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్, గుడ్‌ఇయర్ అస్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్, యోకోహామా ఎర్త్-1 లాంటివి ఉన్నాయి. నెలకు ఒకటి రెండుసార్లు కొండకు వెళ్తూ, మిగతా రోజులు ఊళ్లో తిరిగే కుటుంబపు కారుకు ఈ రెండో తరగతి మేలు. ఏటా నడిచే దూరం తక్కువైనవారికి లక్ష కిలోమీటర్ల మన్నిక వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ టైరు అరగకముందే వయసు మీరుతుంది.

12 అంగుళాల రిమ్ము ఉన్నవారికి ఎంపిక తక్కువ. విదేశీ కంపెనీల మేలురకాలు ఎక్కువగా 13 అంగుళాల నుంచి, కొన్ని 14 నుంచి మొదలవుతాయి. కాబట్టి పాత ఆల్టో యజమాని ఎక్కువగా ఎమ్ఆర్ఎఫ్, సియట్, జేకే, అపోలో లాంటి కంపెనీల మామూలు రకాల్లోనే కొత్త తేదీది వెతుక్కోవలసి ఉంటుంది.

బిగింపు

నాలుగూ ఒకేసారి మార్చడం మంచిది. రెండే కొనే స్తోమత ఉంటే కొత్తవి వెనక చక్రాలకు వేయాలన్నది టైరు కంపెనీల సూచన. వాడుకలో చాలామంది ముందువే ఎక్కువ అరుగుతాయని కొత్తవి ముందు వేయిస్తారు. ముందు టైరు జారితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే తిరిగి దారికొస్తుంది. వెనక టైరు జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరుకు దాన్ని అదుపు చేయడం సాధ్యం కాదు. తడిసిన ఘాట్ మలుపులో ఈ తేడా ప్రాణాంతకం కాగలదు. ఒకే ఇరుసు మీది రెండు టైర్లూ ఒకే కొలత, ఒకే రకం, ఒకే మాదిరి అరుగుదల ఉన్నవై ఉండాలి.

కొత్త టైరుతో పాటు వాల్వు కూడా మార్చాలి. బ్యాలెన్సింగ్ చేయకపోతే వేగం పెరిగాక స్టీరింగ్ వణుకుతుంది. అలైన్‌మెంట్ తప్పితే లోపలి అంచో బయటి అంచో మాత్రమే అరిగిపోతుంది. ఘాట్ మలుపుల వల్ల ముందు టైర్ల భుజాలు అరిగే ఈ ప్రాంతంలో అయిదు వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్చి, అలైన్‌మెంట్ చూపించుకోవడం వల్ల ఆయుష్షు పెరుగుతుంది. తయారీలో పూసిన జారుడు పూత అరిగేదాకా, తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. టైర్లు మార్చిన రోజునే కొండకు బయలుదేరడం మంచిది కాదు.

ట్యూబ్‌లెస్ టైరులో గాళ్ల భాగంలో పడిన చిన్న రంధ్రాన్ని పుల్ల గుచ్చి మూయడం తాత్కాలిక వైద్యం. లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించడం శాశ్వతమైనది. పక్కగోడకు పడిన పంచర్‌ను అతికించకూడదు.

గాలి

ఎంత గాలి పట్టాలన్నది డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉంటుంది. పక్కగోడ మీద ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ హద్దు, పట్టించవలసిన కొలత కాదు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. 30 పీఎస్ఐ గాలి పట్టిన టైరు 30 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే అందులో ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది. ఎండలో ప్రయాణం చేసి వచ్చి, గాలి ఎక్కువైందని తీయించేవారు చల్లబడ్డాక తక్కువ గాలితో మిగులుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వట్టి నైట్రోజన్ పట్టించినా వేడికి ఒత్తిడి పెరగడం తప్పదు. నెలకోసారి కొలత చూసుకునే అలవాటును అది భర్తీ చేయలేదు. పెళ్లికో యాత్రకో కారు నిండా బయలుదేరేటప్పుడు చీటీలో నిండు బరువుకు చెప్పిన గాలి పట్టించాలి, స్టెప్నీ కూడా చూసుకోవాలి.

చట్టం, వారంటీ, పన్ను

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కారు టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దేశంలో అమ్మే కారు టైరుకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. దొర్లుడు ప్రతిఘటన, తడి పట్టు, మోతల పరిమితులను నిర్దేశించే ఏఐఎస్-142 ప్రమాణాన్ని కేంద్రం 2022 జూన్‌లో నోటిఫై చేసి, కొత్త డిజైన్లకు అదే ఏడాది అక్టోబరు 1 నుంచి వర్తింపజేసింది. 2020లో వచ్చిన మరో సవరణ, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని పసిగట్టే ఏర్పాటు, పంచర్ సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ నుంచి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది జూన్ 12న కారు టైర్ల దిగుమతి పరిమిత జాబితాలోకి వెళ్లడంతో అనుమతి లేకుండా విదేశీ టైర్లు తెప్పించడం ఆగింది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. కంపెనీ అదే మోడలుకు ఇచ్చిన కొలతల్లో ఉంటే చిక్కు లేదు. బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చే టైర్లు తనిఖీలోనూ, బీమా పరిహారం దగ్గరా ఇబ్బంది తెస్తాయి.

టైరుకు వారంటీ ఇచ్చేది సాధారణంగా టైరు కంపెనీయే, కారు కంపెనీ కాదు. తయారీలోపం తేలితే మిగిలిన గాళ్ల లోతును బట్టి ధరలో తగ్గింపు ఇస్తారు. రాయి కోతలు, గుంత దెబ్బలు మామూలు వారంటీలోకి రావు. బిల్లులో టైరు సీరియల్ నంబరు రాయించుకోవడం అందుకే అవసరం. కొత్త టైర్ల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

స్థానిక పరిశ్రమ

టైర్లు కొనే ఈ ప్రాంతం ఇప్పుడు టైర్లు తయారుచేసే ప్రాంతం కూడా. వరదయ్యపాలెం మండలం చినపాండూరులో అపోలో టైర్స్ కర్మాగారానికి 2018 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 256 ఎకరాల్లో, తొలిదశలో సుమారు 3,800 కోట్ల రూపాయల పెట్టుబడితో కట్టిన ఈ కర్మాగారం నుంచి 2020 జూన్ 25న మొదటి టైరు బయటికొచ్చింది. దేశంలో ఆ కంపెనీకి ఇది అయిదో కర్మాగారం. అప్పటికి చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

సరిహద్దు దాటగానే తమిళనాడులో తేర్వాయ్ కండిగైలో మిషెలిన్, అరక్కోణంలో ఎమ్ఆర్ఎఫ్, శ్రీపెరుంబుదూరు పరిసరాల్లో సియట్, జేకే, ఒరగడంలో అపోలో మరో కర్మాగారం ఉన్నాయి. ఎమ్ఆర్ఎఫ్ పుట్టుక కూడా చెన్నై తిరువొత్తియూరులోనే. 1946లో బొమ్మ బెలూన్ల తయారీతో మొదలై 1961లో టైర్లలోకి వచ్చింది. ఇవన్నీ తిరుపతికి నూట యాభై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. కేరళ రబ్బరు తోటలు అందుబాటులో ఉండటం, దిగుమతి ఎగుమతులకు చెన్నై చుట్టుపక్కల ఓడరేవులు, టైర్లు కొనే కార్ల కర్మాగారాలు శ్రీపెరుంబుదూరు, ఒరగడంలలో ఉండటం ఈ గుంపుకు కారణాలు.

కర్మాగారం దగ్గరున్నంత మాత్రాన అంగట్లో కొత్త సరుకే దొరుకుతుందని చెప్పలేం. టైరు డిపోల మీదుగా, డీలర్ల మీదుగా అంగడికి వస్తుంది. ఎక్కువగా అమ్ముడుపోయే కొలతలో సరుకు త్వరగా మారుతుంది, అరుదైన కొలత గోదాములో ఏడాదికి పైగా ఉండిపోతుంది. అప్‌సైజింగ్ కోసం అరుదైన కొలత ఎంచుకున్నవారు తేదీ గుర్తును మరింత జాగ్రత్తగా చూడాలి. ఘాట్‌లో టైరు కోసుకుపోతే పలమనేరులోనో పీలేరులోనో ఆ కొలత దొరుకుతుందా అన్నది కూడా కొనేముందు ఆలోచించవలసిన విషయం.

పాత టైర్ల గతి

తీసేసిన టైర్లను అంగడివారు కొంత ధర కట్టి తీసుకుంటారు. వాటిలో గాళ్లు మిగిలినవి సెకండ్‌హ్యాండ్‌గా మళ్లీ రోడ్డెక్కుతాయి. లోపల తగిలిన దెబ్బలు, అసలు వయసు కొనేవారికి తెలియవు కాబట్టి ఘాట్లలో తిరిగే కారుకు అవి పనికిరావు. లారీ టైర్లకు కొత్త రబ్బరు అంటించే రీట్రెడింగ్ చిన్నకారు టైర్లలో అరుదు. మిగిలినవి రబ్బరు పొడిగా, తుక్కు ఉక్కుగా, పైరాలిసిస్ కొలిమిలో నూనెగా మారతాయి. కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో తెచ్చిన నియమాలు పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి.

భోగి నాడు తెల్లవారుజామున పాత టైర్లను మంటల్లో వేసే అలవాటు ఈ సరిహద్దు ప్రాంతంలో ఇంకా అక్కడక్కడా ఉంది. కాలే టైరు నుంచి గంధకపు వాయువులు, మసి, విషపూరితమైన కర్బన సమ్మేళనాలు వెలువడతాయి. మిద్దె మీద వదిలేసిన టైరులో నిలిచిన వాననీరు డెంగీ దోమకు పుట్టినిల్లు. కొత్తవి బిగించిన చోటే పాతవి అప్పగించి బిల్లులో తగ్గింపు తీసుకుంటే ఈ రెండు బెడదలూ తప్పుతాయి. మళ్లీ ఎవరూ కారుకు ఎక్కించకుండా అరిగిపోయిన టైరు పక్కగోడను అక్కడికక్కడే కోయించడం మరింత మేలు.